ఇల్లు విడిపించు చదువు

బిడ్డకు ఇల్లు దేనికి? అన్నము పెట్టు చోటును, పండుకొను చోటును, చదువు చెప్పు చోటును ఉన్న చాలదా? ఈ ప్రశ్నను ఇంత బట్టబయలుగా అడుగువారు అరుదు. కాని "చాలును" అని తమలో సమాధానము చెప్పుకొని నడచుకొనువారు మన దేశమున లెక్కకు మిక్కిలి. ప్రభుత్వ మట్లే నడచుచున్నది. పరోపకారు లట్లే తలంచుచున్నారు. కలిగిన గృహస్థులు సైతము తమ బిడ్డల యెడ అట్లే వర్తించుచున్నారు. ఈ సమాధానము తప్పనియు, ఈ తప్పువలన నష్టపోవుచున్నవారు తమ కష్టము తాము చెప్పుకొననేరని పసివారనియు నిరూపించుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఖమ్మము జిల్లాలో తల్లాడ యొక మండలకేంద్రము. ఖమ్మము నుండి సత్తుపల్లికి పోవు బాటమీద నున్నది; కొత్తగూడెపు బాట ఇచటనే చీలును. ఒక ప్రక్క నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో పండు చేలు. మఱియొక ప్రక్క, కొంతదూరము పోగానే మొదలై భద్రాచలము దాక సాగు అడవి సీమ. మైదానమును అడవియు కలిసికొను ఈ కూడలిలో ఏటికి రెండు పయనములు కానవచ్చును. జూనులో బడులు తెఱచు వేళ రేకుపెట్టె యొకటి చేతబట్టుకొని ఆశ్రమపాఠశాలలకును వసతిగృహములకును పోవు పిల్లలది మొదటి పయనము. సంక్రాంతి దాటిన పిదప మిరపకోతలకై అడవి గూడెములనుండియు ఛత్తీసుగఢము నుండియు చట్టి, ముంత, మూట, బిడ్డ అన్నిటిని బండి కెక్కించుకొని వచ్చు కూలీ కుటుంబములది రెండవ పయనము. మొదటి పయనమున బిడ్డ చదువు వైపు పోవుచున్నాడు. తల్లి వెనుక నిలిచిపోయినది. రెండవ పయనమున బిడ్డ తల్లితో పోవుచున్నాడు. చదువు వెనుక నిలిచిపోయినది.

తల్లి కావలయునా, అక్షరము కావలయునా, ఒకదాని నేరుకొమ్మని మనము ఎనిమిదేండ్ల బిడ్డను అడుగుచున్నాము. ఈ ప్రశ్నయే అధర్మము. దీనికి బిడ్డ ఏ సమాధానము చెప్పినను ఓడిపోవును. ఈ ప్రశ్న పుట్టకుండ చేయుట పెద్దల విధి; పుట్టించి, పిదప ఒక సమాధానమును మెచ్చుకొనుట పెద్దల తప్పించుకోలు.

ముందుగా పసివానికి ఇల్లన నేమో విచారింతము. అది గోడలు కాదు, కప్పు కాదు. తాటాకు గుడిసెయు ఇల్లగును. మిరపచేని గట్టున నాలుగు కఱ్ఱలపై కట్టిన పట్టాయు తల్లి యున్నంత కాలము బిడ్డకు ఇల్లే యగును. పెద్దవానికి ఇల్లు ఆస్తి; పసివానికి ఇల్లు మనుష్యులు. తన్ను పేరు పెట్టి, ముద్దుపేరు పెట్టి, కోపమువచ్చిన తిట్టుపేరు పెట్టి పిలుచువారు అచట నుందురు. ఒకపూట అన్నము మిగిల్చిన, ఏలమిగిల్చితివని అడుగువారుందురు. రాత్రి ఒడలు వెచ్చబడిన, బిడ్డ లేచి చెప్పకమునుపే అరచేయి నుదుటిపై పెట్టువారుందురు. అన్నిటిని మించి, అచట ఉండుటకు బిడ్డ ఏ యోగ్యతయు సంపాదింపనక్కఱలేదు. బడిలో మార్కు తెచ్చుకొనవలయును. వసతిగృహమున క్రమము తప్పక నడువవలయును. ఇంట మాత్రము ఊరక పుట్టినందులకే చోటు దొరకును. ఈ ధైర్యము మనుష్యునికి బాల్యమున కలుగవలయును. బాల్యమున కలుగనిచో పిదప ఏ పట్టమును దానిని ఈయజాలదు.

ఇంతియ కాదు. ఇల్లు మొదటి బడి. కోయగూడెమున పుట్టిన బిడ్డ వేసవిలో తెల్లవాఱుజామున తల్లివెంట పోయి ఇప్పపూవు ఏరును. తునికాకు కట్ట కట్టుట, అడ్డాకు విస్తరి కుట్టుట, ఏ దుంప తినదగినదో ఏది విషమో తెలిసికొనుట, భూమిపండుగ ఎందులకో, కొత్తల పండుగకు ముందు కొత్తపంట ఏల ముట్టరాదో వినుట, ఇవి యన్నియు అతడు అడుగులో అడుగు వేసి నేర్చును. ఇది విద్య కాదనువాడు విద్య యన పుస్తకమే యని భ్రమించువాడు. ఈ విద్య తన మాతృభాషలో, కోయలో, నడచును. ఆ బిడ్డను మూడవ తరగతిలోనే పెట్టెతోపాటు ఆశ్రమపాఠశాలలో దించినప్పుడు మన మేమి చేయుచున్నాము? ఒకే దినమున తల్లిని, భాషను, అడవిని మూటిని దూరము చేసి, "ఇక చదువుము" అనుచున్నాము. వాడు కొన్నాళ్లు మాటలాడకున్న మొద్దనుచున్నాము. సెలవులలో ఇంటికి పోయి తిరిగి రాకున్న చదువుపై ఆసక్తి లేదనుచున్నాము.

ఇందులకు ప్రతిపక్షులు చెప్పు మాటలను ఒక్కొక్కదానినే పరిశీలింతము.

"ఆ గుడిసెలో ఏమున్నది? ఆకలి, జ్వరము, సారాయి, అజ్ఞానము. అటనుండి తప్పించుటయే మేలు" అని మొదటి మాట. ఇంట ఆకలి యున్నచో ఆకలిని తీర్పవలయును గాని ఇంటిని తీసివేయరాదు. బడిలో వండి పెట్టవలయునని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. 2003 జనవరి నుండి నాటి ఆంధ్రప్రదేశమున మధ్యాహ్నభోజనము నడచెను. గూడెపు బడిలో కుండ పెట్టిన ఆకలి తగ్గును. అందులకు బిడ్డ పరుపుచుట్టతో ఇల్లు విడువ నక్కఱలేదు. తండ్రి త్రాగినచో సారాయి దుకాణమును సంస్కరింపుడు. జ్వరమైనచో దోమను చంపుడు, మందు పంపుడు. తల్లి నిరక్షరాస్యురాలైనంత మాత్రమున ఆమె తల్లితనమునకు లోపము రాదు. చదువురాని తల్లుల చేతులలోనే కదా ఈ దేశమున పండితులందఱు పెరిగినది!

ఈ విషయమున వైద్యులు చేసిన పరిశోధన లున్నవి. రెనే స్పిట్జ్ అను వైద్యుడు 1945లో ప్రకటించిన వ్రాతలో రెండు తావుల పెరిగిన శిశువులను పోల్చి చూపెను. ఒకటి పరిశుభ్రమైన అనాథశాల. అచట ఆహారమునకు వైద్యమునకు లోటు లేదు, కాని ఒక్కొక్క దాదికి పలువురు బిడ్డలు. రెండవది చెఱసాల, అచట శిక్షపడిన తల్లులే తమ బిడ్డలను పెంచుకొనుచుండిరి. చెఱసాల బిడ్డలు వర్ధిల్లిరి. అనాథశాల బిడ్డలు ఎదుగుదల లేక కృశించిరి. వారిలో మూడవవంతునకు పైగా రెండేండ్లలోపల మరణించినట్లు అతడు పిదప తెలిపెను. 1951లో ప్రపంచ ఆరోగ్యసంస్థకై జాన్ బౌల్బీ వ్రాసిన నివేదిక, చెడ్డ యిల్లు సైతము పలుమాఱులు మంచి సంస్థకంటె బిడ్డకు మేలని తేల్చెను. 2000లో రుమేనియా రాజధాని బుకారెస్టులో మొదలైన పరిశోధనలో 136 మంది శిశువులను తీసికొని, చీటి వేసినట్లు కొందఱిని సంస్థలోనే యుంచి, కొందఱిని పెంపుడు కుటుంబముల కిచ్చిరి. కుటుంబములకు పోయినవారి బుద్ధి మిన్నగా వికసించెననియు, ఎంత చిన్నవయసున పోయిన అంత మేలయ్యెననియు 2007లో వెల్లడియైనది. మన వసతిగృహములు రుమేనియా అనాథశాలలు కావు. మన పిల్లలు చంటివారును కారు. కాని సూత్ర మొక్కటియే: బిడ్డ తిండితో మాత్రమే పెరుగడు, తన్ను తన వానిగా చూచు మనుష్యునితో పెరుగును.

"మన పూర్వులు ఎనిమిదవ యేటనే బిడ్డలను గురుకులములకు పంపలేదా?" యని రెండవ మాట. ఇది వినుటకు ఇంపుగా నుండును. కాని గురుకుల మను పదమును విడదీసి చూడుడు. కులమన కుటుంబము. శిష్యుడు ఒక యింటినుండి మఱియొక యింటికి పోయెను. అచట గురువుండెను, గురుపత్ని యుండెను, వారి బిడ్డలుండిరి, ఆవులుండెను. వందలకొలది పిల్లలకు ఒక సంరక్షకాధికారి, అతడును సాయంకాలము తన కాపురమునకు పోవలసినవాడు, ఇట్టిదానికి గురుకులమని పేరు పెట్టిన కులము తొలగి బల్లమీది పేరు మాత్రము మిగులును. ఆ యధికారిని నేను నిందింపను. ముగ్గురు బిడ్డలకు తల్లియైనది సాయంకాలమునకు సొమ్మసిల్లుచుండ, మూడువందల బిడ్డలకు తల్లి కాగలవాడు భూమిమీద పుట్టలేదు.

"ఫలములు చూడుడు, గురుకులములనుండి ఎట్టివారు వచ్చిరో చూడుడు" అని మూడవ మాట. చూచితిని. 1971లో పి. వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులపాఠశాల వెలసెను. పేదబిడ్డలకు అట్టి పాఠశాలలు చేసిన మేలు సామాన్యము కాదు. 2014 మే 25న పదునాలుగేండ్లు నిండని మాలావత్ పూర్ణయు, మన ఖమ్మము జిల్లాకు చెందిన పదునాఱేండ్ల ఆనందకుమారును ఎవరెస్టు శిఖర మెక్కిరి. ఇరువురును గురుకుల విద్యార్థులే. వారిని చూచి గర్వింపని తెలుగువాడుండడు. కాని వయసును గమనింపుడు. పది పండ్రెండేండ్లు దాటిన బిడ్డ తన యిష్టముతో, తనకు దొరకని ఉన్నతవిద్యకై ఇల్లు విడుచుట వేఱు. ఎనిమిదేండ్ల బిడ్డను తన ఊర బడి లేకపోవుటచే ఇల్లు విడిపించుట వేఱు. మొదటిది ఎగురుట, రెండవది గూటినుండి పడద్రోయుట. మొదటి దానిని చూపి రెండవ దానిని సమర్థించుట న్యాయము కాదు. ఊరిలో బడి తెఱచుట కష్టము, తెఱచిన బడికి ఉపాధ్యాయుడు పోవుట కష్టము, పోయినవానిని నిలుపుట మఱింత కష్టము. పిల్లలనే ఒకచోట చేర్చి పెట్టుట పాలకులకు సులభము. ఆ సౌలభ్యమునకు మనము గిరిజనోద్ధరణ మని పేరు పెట్టుకొంటిమి.

ఇట్టి ఉద్ధరణ ఎచటికి పోగలదో అన్యదేశములు చూపినవి. కెనడాలో ఒక శతాబ్దమునకు మించి ఆదివాసుల బిడ్డలను, 1,50,000 మందికి పైబడినవారిని, తల్లిదండ్రులకు దూరముచేసి వసతిపాఠశాలలలో పెట్టిరి; వారి భాష మాటలాడిన దండించిరి. 2008 జూను 11న ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పుకొనెను. అదే యేట ఫిబ్రవరి 13న ఆస్ట్రేలియా ప్రధాని, తమ దేశమున తల్లుల ఒడినుండి లాగుకొన్న ఆదివాసి బిడ్డల తరములకు క్షమాపణ చెప్పెను. మన ప్రభుత్వము బిడ్డలను బలాత్కారముగా లాగుకొనుట లేదు. దండించి భాష మాన్పించుటయు మన శాసనము కాదు. ఇది నిజము, చెప్పవలసిన నిజము. కాని ఊరిలో బడి లేనప్పుడు తండ్రి వ్రాసియిచ్చు సమ్మతిపత్రము ఎంతవఱకు సమ్మతియో ఆలోచింపుడు. త్రోవ యొక్కటియే యున్నచోట ఏరుకొనుట యన్న మాటకు అర్థము లేదు.

మఱియొక త్రోవ లేకపోలేదు. 1940లో కుమురం భీము తిరుగుబాటును అణచివేసిన పిదప హైదరాబాదు సంస్థానము ఆదిలాబాదు గోండుల స్థితి తెలిసికొనుటకు హైమన్‌డార్ఫ్ అను పండితుని పంపెను. అతని ప్రేరణచే 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ నిచ్చి, గోండిభాషలో వాచకములు కూర్చి, వారిని గూడెములకు గురువులుగా పంపిరి. అచట బిడ్డ బడికై ఇల్లు విడువలేదు. బడియే బిడ్డకై గూడెమునకు నడచెను. నైజాము కాలమున సాధ్యమైనది స్వతంత్రభారతమున అసాధ్యమందురా?

శాసనములకు కొదువ లేదు. ప్రాథమికదశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధింపవలయునని 1956లో రాజ్యాంగమున 350ఏ అధికరణము చేర్చిరి. 2009 విద్యాహక్కు చట్టము సమీపమున బడి యుండవలయుననియు, సాధ్యమైనంతవఱకు మాతృభాషలో బోధింపవలయుననియు శాసించినది. ఐదవ తరగతివఱకు ఒక కిలోమీటరు లోపల బడి యని దాని నియమములు చెప్పినవి. బిడ్డ కుటుంబవాతావరణమున పెరుగవలయునను 1989 నాటి అంతర్జాతీయ బాలల హక్కుల ఒడంబడికలో 1992 డిసెంబరు 11న మన దేశము చేరెను. రక్షణ కావలసిన బిడ్డనైనను సంస్థలో పెట్టుట చిట్టచివరి యుపాయముగా నుండవలయునని 2015 బాలల న్యాయచట్టము పలుకుచున్నది. కాగితముపై ఇంటికింత గౌరవ మున్నది. కాని పిల్లలు తక్కువగా నున్నారని చిన్నబడులను పెద్దబడులలో కలిపివేయు లెక్కలలో ఆ గౌరవము కానరాదు.

ఇక నాకు రెండవ వైపునుండి మెచ్చుకోళ్లు రాగలవు. "బాగుగ చెప్పితిరి, బిడ్డ ఇంటనే యుండవలయును, తల్లికి సాయము చేయవలయును, కులవృత్తి నేర్వవలయును" అందురు. వీరి మెచ్చుకోలు నాకు వలదు. వీరు ఇల్లన్న పవిత్రనామమును అడ్డుపెట్టుకొని బిడ్డచేత పని చేయించుకొనువారు. 2016లో బాలకార్మిక చట్టమును సవరించి, పదునాలుగేండ్లలోపువారిని పనిలో పెట్టుటను నిషేధించుచునే, బడివేళలు కానప్పుడు కుటుంబపు పనులలో సాయపడవచ్చునని మినహాయింపు నిచ్చిరి. తల్లివెంట ఇప్పపూవు ఏరుట వేఱు. సేద్యగాని చేలో కుటుంబమునకు కిలోలెక్కన కూలి కట్టునప్పుడు ఆ లెక్క పెంచుటకై బిడ్డ వ్రేళ్లు మిరపఘాటుకు మండుట వేఱు. మొదటిది పెంపకము, రెండవది కూలి. రెండవదానిని కుటుంబసాయ మనువాడు పసిబిడ్డ చెమటను లెక్కలోనికి రాకుండ దాచుకొనుచున్నాడు.

ఇల్లును లేక చదువును లేక పోయిన బిడ్డ గతి యెట్టిదో 2020 ఏప్రిలులో లోకమంతయు చూచినది. ఛత్తీసుగఢపు బిజాపూరు జిల్లాకు చెందిన పండ్రెండేండ్ల గిరిజన బాలిక యొకతె తెలంగాణపు మిరపచేలలో కూలికి వచ్చెను. కరోనా లాక్‌డౌనుచే పని నిలిచిపోగా తోడివారితో కాలినడకన బయలుదేరెను. తల్లిదండ్రులు వెంట లేరు. మూడు దినములు నడచి, ఇల్లు ఇక కొలది క్రోసుల దూరముననుండగా దారిలో ప్రాణము విడిచెను. బడి యామెను పట్టియుంచలేదు, ఇల్లు పట్టియుంచలేకపోయెను, మన మిరపచేను మాత్రము పట్టియుంచెను. ఆమె చివరి బలమంతయు ఇంటివైపే నడచెనని మఱువకుడు. బిడ్డకు ఇల్లేమని అడుగువారికి ఇంతకంటె సమాధాన మేమి కావలయును?

కాలువక్రింది గృహస్థులతో ఒక మాట. ఇది గూడెముల గోడు మాత్రమే యనుకొనకుడు. పేదవాడు గతిలేక బిడ్డను దూరము చేయుచున్నాడు; మీరు గతియుండి చేయుచున్నారు. ఎకరము కుదువబెట్టి ఆఱవ తరగతి బిడ్డను పట్టణపు ప్రైవేటు వసతిపాఠశాలలో చేర్చి, నెలకొక దినము చూడబోయి, రాంకు అడిగి వచ్చుచున్నారు. ఊరిలో బడి యుండియు, ఇంట అన్నముండియు, తల్లియుండియు బిడ్డను నిర్బంధమున పెట్టినవారు, అడవిలో బడి పెట్టుమని ప్రభుత్వము నెట్లడుగగలరు?

కావున నేను కోరునవి ఇవి. అనాథయు ఆపన్నుడును కాని ఏ బిడ్డను పదేండ్లు నిండకమునుపు వసతిగృహమున చేర్పరాదు. ఎంత చిన్న గూడెమైనను అచట ఐదవ తరగతివఱకు బడి యుండవలయును; ఆ బడిలో కోయ తెలిసిన ఆ సీమ యువతీయువకులే ఉపాధ్యాయులు కావలయును. 2005 నాటి ఉపాధిచట్టము ఏటికి నూఱు దినముల పని వాగ్దానము చేసెను. ఏ చట్టము పేరనైనను ఆ పని వలసపోవు నెలలలోనే, సొంత ఊరిలోనే, కాలముతప్పని కూలితో దొరకవలయును. అప్పటికిని వలస తప్పనివారి బిడ్డలకు తల్లాడ వంటి మిరపసీమలలో కోతకాలమంతయు బడి తలుపులు తెఱచియుండవలయును. వారి భాష తెలిసిన బోధకు డొకడైన నుండవలయును. 2005 తరువాత సల్వాజుడుము కల్లోలమునకు వెఱచి ఇటు వచ్చి భద్రాచల, కొత్తగూడెపు అడవులలో గుడిసెలు వేసికొన్న గొత్తికోయల బిడ్డలను పరదేశులనక ఆ బడులలో కూర్చుండబెట్టవలయును. ఇప్పుడున్న వసతిగృహములలో తల్లిదండ్రులకు ఎప్పుడైనను ప్రవేశ ముండవలయును. పండుగకు బిడ్డ ఇంటికి పోవుట దయ గాక హక్కు కావలయును.

ఇందులకు ధనమెక్కడిదందురా? వసతిగృహమున మంచము, దుప్పటి, సంరక్షకుడు, వంటవాడు, కావలివాడు అందఱికి దొరకిన ధనము గూడెపు బడికి ఏల దొరకదు? ధనము తక్కువ కాలేదు. గూడెములో బ్రతుకు బ్రతుకే యనియు, ఆ గుడిసెలోని తల్లి తల్లియే యనియు మనకు నమ్మకము తక్కువయైనది.

చదువరులారా! రానున్న జూనులో తల్లాడ కూడలిలో బస్సు కొఱకు రేకుపెట్టెపై కూర్చున్న బిడ్డ మీకు కనబడిన, "బాగుగ చదువుకొమ్ము" అని తల నిమిరి పోకుడు. ఆ బిడ్డ ఊర బడి ఏల లేదో మీ మండలాధికారిని అడుగుడు. సమాధానము వచ్చువఱకు అడుగుడు.